తెల్లటి పౌడర్‌కి 2.9 బ్యాండ్ గ్యాప్ ఎలా వచ్చింది?

ముందు నీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకూ తెలుస్తుంది. విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్. ప్రాజెక్టు కోసం సోల్-జెల్ పద్ధతిలో జింక్ ఆక్సైడ్ తయారు చేశావు. ఇంకో బ్యాచ్‌లో 3 శాతం కోబాల్ట్ కలిపావు. రెండింటినీ 500 డిగ్రీల దగ్గర కాల్చావు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాల వివర్తనం) నుంచి, స్ఫటికం సైజు చెప్పే షెరర్ లెక్క వేస్తే సైజు 28 నానోమీటర్లు వచ్చింది. పౌడర్‌ని ఇథనాల్‌లో కలిపి యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్ తీసి టౌక్ ప్లాట్ గీస్తే బ్యాండ్ గ్యాప్ (వెలుగుని మింగి ఎలక్ట్రాన్ పై స్థాయికి దూకడానికి కావాల్సిన కనీస శక్తి) మామూలు జింక్ ఆక్సైడ్‌కి 2.9, కోబాల్ట్ కలిపినదానికి 2.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు వచ్చాయి. పేపర్లలో మాత్రం 3.2 నుంచి 3.37 దాకా ఉంది. నీ ఫ్రెండ్ అదే మామూలు పౌడర్‌ని వేరే ల్యాబ్‌లో కొలిస్తే 3.2 వచ్చింది. వచ్చే నెల సబ్మిషన్ అని టెన్షన్‌గా ఉంది. "క్వాంటం కన్‌ఫైన్‌మెంట్ వల్ల తేడా వచ్చింది అని రాసేయ్" అంటున్నారు సీనియర్లు. రాయొచ్చా అని అడిగావు. చివర్లో, కాంతికీ పదార్థానికీ మధ్య జరిగేదాని మీద పరిశోధనకి వెళ్లడం మంచిదేనా అని కూడా అడిగావు.

నా విద్యార్థుల వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకమ్మా. ఆప్టికల్ స్పెక్ట్రోస్కోపీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు: రాయొద్దు. రెండు కారణాలున్నాయి. క్వాంటం కన్‌ఫైన్‌మెంట్ అంటే కణం బాగా చిన్నదైపోయినప్పుడు ఎలక్ట్రాన్‌కి చోటు ఇరుకై దాని శక్తి పెరగడం. అంటే గ్యాప్ పెరగాలి. నీకు తగ్గింది, దిక్కే తప్పు. రెండోది సైజు. జింక్ ఆక్సైడ్‌లో ఈ ప్రభావం గట్టిగా కనిపించాలంటే కణం వ్యాసం ఏడెనిమిది నానోమీటర్ల లోపు ఉండాలి. 28 నానోమీటర్ల కణంలో ఎలక్ట్రాన్‌కి ఇరుకేమీ ఉండదు. 2023లో బవెండి, బ్రస్, ఎకిమోవ్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది క్వాంటం డాట్స్‌కే, అంటే అలాంటి అతి చిన్న కణాలకే. అప్పటి నుంచి ఈ మాట ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ కనిపిస్తోంది. వైవాలో ఎగ్జామినర్ మొదట పట్టుకునేది కూడా అదే.

ఇప్పుడు అసలు విషయం. నీ గ్రాఫ్ పక్కన పెట్టి, పౌడర్ ఉన్న సీసాని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చూడు. మామూలు జింక్ ఆక్సైడ్ ఏ రంగులో ఉంది? తెల్లగా ఉండుంటుంది. ఇప్పుడు ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తిని నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగా మార్చడానికి 1240ని 2.9తో భాగించు. సుమారు 428 వస్తుంది. నీ గ్యాప్ నిజంగా 2.9 అయితే 428 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలన్నింటినీ ఆ పౌడర్ మింగేయాలి. అంటే ఊదా రంగు పోవాలి, తిరిగొచ్చే వెలుగులో పసుపు ఛాయ కనిపించాలి. తెల్లటి పౌడర్‌కి 2.9 గ్యాప్ కుదరదు. 3.3 అయితే 1240 భాగించు 3.3, సుమారు 376 నానోమీటర్లు. అది మన కంటికి కనపడని అతినీలలోహిత భాగం, అందుకే జింక్ ఆక్సైడ్ తెల్లగా ఉంటుంది. కావాలంటే ఇంకోటి చేసి చూడు. కొంచెం పౌడర్ క్రూసిబుల్‌లో పెట్టి బాగా వేడి చేస్తే లేత పసుపుకి తిరుగుతుంది, చల్లారితే మళ్లీ తెల్లబడుతుంది. వేడికి గ్యాప్ తగ్గి, దాని అంచు కంటికి కనిపించే భాగంలోకి జరిగిందన్నమాట. బ్యాండ్ గ్యాప్ మారడాన్ని ఏ యంత్రమూ లేకుండా కంటితో చూడటం ఇది. నేను మొదటిసారి చూసినప్పుడు నాలుగైదు సార్లు వేడి చేసి చల్లార్చి చూశాను.

మరి యంత్రం 2.9 అని ఎందుకు చెప్పింది? అది అబద్ధం చెప్పలేదు, నువ్వు అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది. స్పెక్ట్రోఫోటోమీటర్‌కి శోషణ అంటే ఏమిటో తెలియదు. క్యూవెట్‌కి (ద్రవం పోసే చిన్న పారదర్శక గిన్నెకి) ఇవతల ఎంత వెలుగు పంపాను, అవతల డిటెక్టర్‌కి ఎంత చేరింది అన్నదే దానికి తెలుసు. చేరనిదంతా 'అబ్జార్బెన్స్' అని ముద్రించేస్తుంది. చేరకపోవడానికి రెండు దారులున్నాయి: పదార్థం మింగేసి ఉండొచ్చు, లేదా పక్కలకి చిమ్మేసి ఉండొచ్చు. మొదటిది శోషణ, రెండోది పరిక్షేపణ.

దీన్ని నేను క్లాసులో కాఫీతో చెప్పేవాణ్ని. ఒక గ్లాసు నీళ్లలో రెండు చుక్కల డికాక్షన్ వెయ్యి, ఇంకో గ్లాసులో రెండు చుక్కల పాలు వెయ్యి. రెండింటినీ క్యూవెట్‌లో పోసి కొలిస్తే రెండూ 'అబ్జార్బెన్స్' చూపిస్తాయి. డికాక్షన్ నిజంగానే నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని మింగుతోంది, అందుకే గోధుమ రంగు. పాలు మింగేది దాదాపు ఏమీ లేదు. అందులోని కొవ్వు బిందువులు, కేసిన్ కణాలు వెలుగుని అన్ని వైపులకీ చిమ్ముతున్నాయి, అందుకే తెలుపు. ఆర్కే బీచ్‌లో అల చూడు. నీరు పారదర్శకం, అదే నీరు విరిగి నురగైతే తెలుపు. పదార్థం మారలేదు, గాలి బుడగల అంచులు ఎక్కువయ్యాయి అంతే. ఉప్పు గడ్డ, ఉప్పు పొడి సంగతి కూడా ఇదే.

నీ ఇథనాల్‌లో తేలుతున్న జింక్ ఆక్సైడ్ డికాక్షన్ లాంటిది కాదమ్మా, పాల లాంటిది. పైగా 28 నానోమీటర్లు అన్నది ఎక్స్‌ఆర్‌డీ చూసిన ఒక్కో స్ఫటిక భాగం సైజు. ఇథనాల్‌లో అవన్నీ ఉండలు కట్టి వందల నానోమీటర్ల ముద్దలుగా ఉంటాయి. ఆ ముద్దలు వెలుగుని బలంగా చిమ్ముతాయి, మామూలుగా పొట్టి తరంగాల వైపు వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ చిమ్ముతాయి. దాంతో గ్రాఫ్‌లో 376 దగ్గర నిటారుగా లేవాల్సిన గోడకి ముందు ఒక వాలు తయారవుతుంది. ఆ వాలు మీద గీత గీస్తే 2.9 కాదు, కావాలంటే 2.5 కూడా తెప్పించవచ్చు.

పరీక్ష సులువు. నీ గ్రాఫ్‌లో 600 నుంచి 800 నానోమీటర్ల మధ్య అబ్జార్బెన్స్ ఎంత ఉందో చూడు. తెల్లటి జింక్ ఆక్సైడ్‌కి అక్కడ మింగడానికి ఏమీ లేదు. అక్కడ 0.4 చూపిస్తుంటే ఆ 0.4 అంతా చిమ్మిన వెలుగే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, నీ సమస్యకి దానితో దగ్గర చుట్టరికం ఉంది. సర్ సి.వి. రామన్ బాల్యం గడిచింది మన ఊళ్లోనే. ఆయన తండ్రి 1892లో ఇక్కడ మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. రామన్ ఇక్కడి సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్లకే మెట్రిక్ పాసయ్యారు. 1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ, ఓడ మీద మధ్యధరా సముద్రపు నీలం చూసి ఆయన వేసుకున్న ప్రశ్న: ఈ నీలం ఆకాశం నీడా, నీటి సొంతమా? సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనని అప్పటికి లార్డ్ రేలీ చెప్పిన మాట. రామన్ చేసిందేమిటంటే, జేబులోని నికోల్ ప్రిజమ్‌ని తగిన కోణంలో పట్టుకుని, నీటి ఉపరితలం మీంచి పరావర్తనమై వచ్చే వెలుగుని ఆర్పేశారు. ఆకాశం నీడ తీసేశాక కూడా నీలం మిగిలింది, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే ఆ వెలుగు నీటి లోపలి నుంచి వస్తోందని తేలింది. ఆ దారి వెంటే వెళ్లి 1928 ఫిబ్రవరి 28కి, ఆయన పేరుతోనే పిలిచే ప్రభావం దగ్గరకి చేరారు.

ఆ నికోల్ ప్రిజమ్ కాల్సైట్‌తో చేసేది. మన బొర్రా గుహల్లో పైనుంచి వేలాడేవన్నీ ఆ ఖనిజమే. పారదర్శకమైన కాల్సైట్ ముక్కని అక్షరాల మీద పెడితే ఒక్కో అక్షరం రెండుగా కనిపిస్తుంది. 1669లో డెన్మార్క్‌కి చెందిన బార్తొలిన్ ఇది రాసిపెట్టాడు. ఒక దిశలో కంపించే వెలుగుకి దాని వక్రీభవన గుణకం 1.658, ఇంకో దిశలో 1.486. ఆ తేడాని వాడుకునే ప్రిజమ్‌తో ఒక దిశలో కంపించే వెలుగుని మాత్రమే రానిచ్చి మిగతాది ఆపేస్తారు.

సముద్రం సంగతి అక్కడితో ఆగలేదని కూడా తెలుసుకో. నీటి అణువుల పరిక్షేపణతో పాటు, నీరు ఎరుపుని కొద్దిగా మింగుతుంది కూడా. 700 నానోమీటర్ల దగ్గర మీటరు లోతుకి శోషణ గుణకం సుమారు 0.6, నీలం దగ్గర అందులో నూరో వంతు మాత్రమే. ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం కంపనాల ఓవర్‌టోన్ ఎరుపు అంచు దాకా వస్తుంది, అందుకు. భారజలంలో హైడ్రోజన్ బరువెక్కడం వల్ల ఆ కంపనం పరారుణంలోకి జరిగిపోతుంది, అందుకే భారజలానికి ఆ నీలం ఉండదు. మింగడం, చిమ్మడం రెండూ కలిసిన రంగు మనం రోజూ చూసే సముద్రానిది. నీ క్యూవెట్‌లోనూ అవే రెండూ కలిసిపోయి ఉన్నాయి. రామన్ ప్రిజమ్ తిప్పి ఒకదాన్ని తీసేసినట్టు నువ్వూ ఒకదాన్ని తీసెయ్యాలి.

ఎలా? పౌడర్‌ని ద్రవంలో కలపడం మానెయ్యి. డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ తియ్యి. దీనికి ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ అనే బోలు గోళం కావాలి. లోపలంతా తెల్లటి పూత ఉంటుంది. పౌడర్ ఎటు చిమ్మినా ఆ వెలుగు గోళంలోనే తిరిగి తిరిగి డిటెక్టర్‌కి చేరుతుంది. అంటే చిమ్మినదాన్ని ఇక నష్టం కింద లెక్కపెట్టరు, మింగిందే నష్టం. నీ ఫ్రెండ్‌కి 3.2 వచ్చిన ల్యాబ్‌లో ఇలాగే తీసి ఉంటారని నా గట్టి నమ్మకం, అడిగి చూడు. ముందు బేరియం సల్ఫేట్‌తో బేస్‌లైన్ తీసుకో. నీ పౌడర్ కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలి, వెనక ఉన్న హోల్డర్ వెలుగుకి కనపడకూడదు. వచ్చిన రిఫ్లెక్టెన్స్‌ని కుబెల్కా-మంక్ సూత్రంలో పెట్టాలి. 1931లో ఆ ఇద్దరూ రంగుల పూతల కోసం కట్టిన లెక్క అది: ఒకటిలోంచి రిఫ్లెక్టెన్స్‌ని తీసేసి, వర్గం చేసి, రిఫ్లెక్టెన్స్‌కి రెట్టింపుతో భాగించడం. శాతంలో కాకుండా సున్నా నుంచి ఒకటి మధ్య సంఖ్యగా వాడాలి. 85 శాతాన్ని 85 అనే పెట్టేసి లెక్క చేసిన థీసిస్‌లు నేను దిద్దాను.

ఈ మింగడం, చిమ్మడం గురించి భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర నిలబడి ఆలోచించడం నాకు ఇష్టం. ఆ ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే రంగులేనిది. వాటి మీద పల్చటి ఐరన్ ఆక్సైడ్ పొర, ముఖ్యంగా హెమటైట్, అంటుకుని ఉంటుంది. హెమటైట్ గ్యాప్ సుమారు 2.1, అంటే దాదాపు 590 నానోమీటర్ల కంటే పొట్టివన్నీ మింగుతుంది, ఎరుపు మిగులుతుంది. అదే హెమటైట్ పెద్ద స్ఫటికంగా ఉంటే నల్లగా, ఉక్కులా మెరుస్తుంది. దాన్ని గరుకు పింగాణీ మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది. పెద్ద గడ్డలో లోపలికి వెళ్లిన వెలుగు తిరిగి రాదు, పొడిలో ప్రతి రేణువూ కొద్దిగా మింగి మిగతాది చిమ్ముతుంది కాబట్టి మిగిలిన ఎరుపు మన దాకా వస్తుంది. దిబ్బల మట్టిని తవ్వి తెచ్చుకోకు, అది రక్షించుకోవాల్సిన చోటు. స్పెక్ట్రమ్ కావాలంటే కెమికల్ షాపులో ఫెర్రిక్ ఆక్సైడ్ కొనుక్కో.

ఇక టౌక్ ప్లాట్. శోషణని ఫోటాన్ (వెలుగు కణం) శక్తితో గుణించి, ఒక ఘాతానికి ఎత్తి, ఆ శక్తికి ఎదురుగా గీసే గ్రాఫ్ ఇది. యాన్ టౌక్ 1966లో సహచరులతో కలిసి దీన్ని వాడింది అమార్ఫస్ (స్ఫటిక క్రమం లేని) జెర్మేనియం మీద. తర్వాత అందరూ అన్నింటికీ వాడేస్తున్నారు. ఇందులో నువ్వు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఘాతం ఎంత పెట్టావు? జింక్ ఆక్సైడ్ డైరెక్ట్ గ్యాప్ పదార్థం, దానికి వర్గం చేసి గీయాలి. సీనియర్ ఇచ్చిన టెంప్లేట్‌లో వర్గమూలం ఉండి ఉండొచ్చు, అది ఇన్‌డైరెక్ట్ గ్యాప్‌కి. వర్గమూలంతో గీస్తే అదే డేటాకి గ్యాప్ తక్కువ వస్తుంది. ఈ తేడా ఎందుకో అర్థం చేసుకో, బట్టీ పట్టకు. ఫోటాన్ ఎలక్ట్రాన్‌కి శక్తి ఇవ్వగలదు, మొమెంటమ్ దాదాపు ఇవ్వలేదు. వెలుగు తరంగం వందల నానోమీటర్లు, స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం అర నానోమీటరు లోపే. ఆ నిష్పత్తిలోనే ఫోటాన్ మొమెంటమ్ చాలా చిన్నది. కాబట్టి ఫోటాన్‌ని నిలువుగా మాత్రమే ఎత్తే లిఫ్ట్ అనుకో. పై అంతస్తు తలుపు సరిగ్గా నెత్తి మీదే ఉంటే లిఫ్ట్ ఒక్కటే చాలు, అది డైరెక్ట్. తలుపు భవనం ఆ చివర ఉంటే ఎవరో పక్కకి కూడా తొయ్యాలి. ఆ తోపు స్ఫటికం కంపనం నుంచి, అంటే ఫోనాన్ నుంచి రావాలి. రెండూ ఒకేసారి దొరకడం అరుదు కాబట్టి ఇన్‌డైరెక్ట్ పదార్థాలు వెలుగుని బలహీనంగా మింగుతాయి. ఇళ్ల మీద పెట్టే సిలికాన్ సోలార్ సెల్ నూరు మైక్రాన్లకు పైగా మందం ఉండటానికీ, కాడ్మియం టెల్యురైడ్ రెండు మూడు మైక్రాన్లతో సరిపోవడానికీ కారణం ఇదే. ఏ ఘాతంతో గీత తిన్నగా వస్తే అది ఎంచుకోవడం పొరపాటు. ఏది వాడాలో పదార్థమే ముందు నిర్ణయించింది.

గీతని ఎక్కడ కలిపావు? నిటారు భాగాన్ని కిందికి పొడిగించి సున్నా రేఖకి తగిలించావు కదా. కింద బేస్‌లైన్ సున్నా మీద లేకుండా పైకి లేచి ఉన్నప్పుడు అలా చేస్తే గ్యాప్ తక్కువ వస్తుంది. అంచుకి ముందున్న వాలుకి కూడా ఒక గీత గీసి, ఆ రెండు గీతలు కలిసే చోట చదవాలి. కోబాల్ట్ పౌడర్‌కి ఇది మరీ ముఖ్యం. మందం తెలియదే, అబ్జార్బెన్స్‌నే వాడేశానే అని భయపడకు. మందం అన్నది నిలువు అక్షాన్ని మొత్తం ఒకే గుణకంతో మారుస్తుంది, గ్యాప్ విలువ మారదు.

అబ్జార్బెన్స్ 3 దాటిన భాగాన్ని నమ్మకు. 3 అంటే వెయ్యిలో ఒక వంతు వెలుగు మాత్రమే అవతలికి చేరిందని అర్థం, యంత్రం లోపల దారి తప్పి తిరిగే వెలుగు దానికంటే ఎక్కువ ఉండొచ్చు. గాజు క్యూవెట్ వాడి ఉంటే అది కూడా 340 ప్రాంతం నుంచి కిందికి తనే మింగడం మొదలుపెడుతుంది, క్వార్ట్జ్ అడుగు.

ఇంకొకటి, నా అనుభవం. రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్న రోజుల్లో ఒక థిన్ ఫిల్మ్ స్పెక్ట్రమ్‌లో 345 నానోమీటర్ల దగ్గర చిన్న మెట్టు కనిపించింది. ప్రతి శాంపిల్‌లోనూ ఉంది. లోపం వల్ల ఏర్పడిన శక్తి స్థాయి అని పేరు పెట్టి సెమినార్‌లో చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, "శాంపిల్ లేకుండా తీశావా?" అని అడిగారు. తీయలేదు. ఆ సాయంత్రం ఖాళీగా తీస్తే అదే మెట్టు అక్కడే ఉంది. అది డ్యుటీరియం ల్యాంప్ నుంచి టంగ్‌స్టన్ ల్యాంప్‌కి యంత్రం మారే చోటు. ఎనిమిది నెలల వివరణ పోయింది. చాలా యంత్రాల్లో ఆ మార్పు 320, 360 మధ్యే ఉంటుంది, నీ జింక్ ఆక్సైడ్ అంచుకి పక్కనే. అందుకే ముందు ఖాళీ స్పెక్ట్రమ్ తీసి ఫైల్‌లో దాచుకో.

ఇవన్నీ సరిచేశాక నీ మామూలు పౌడర్‌కి 3.2 పైన వస్తుంది. 3.37 రాలేదని బాధపడకు. జింక్ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) రెండూ 60 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తితో జతకట్టి ఎక్సిటాన్‌గా ఉంటాయి. గది వేడిలో కూడా ఆ జత పూర్తిగా విడిపోదు. దాని శోషణ అసలు గ్యాప్‌కి కొంచెం కిందే మొదలవుతుంది. టౌక్ లెక్కలో ఆ జతకి చోటు లేదు. అందుకే పౌడర్లలో 3.2, 3.3 మధ్య రావడం మామూలే.

కోబాల్ట్ పౌడర్ విషయంలో నువ్వు గ్యాప్ వెంట పడి అసలు నిధి వదిలేస్తున్నావు. అది ఆకుపచ్చగా ఉందా? ఉంటే సంతోషించు. పద్దెనిమిదో శతాబ్దంలో కనిపెట్టి, తర్వాత చిత్రకారులు వాడిన రిన్‌మన్ గ్రీన్ అనే రంగు అదే. డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్‌లో సుమారు 565, 610, 655 నానోమీటర్ల దగ్గర మూడు గుంటలు చూస్తావు. జింక్ స్థానంలో కూర్చున్న కోబాల్ట్ అయాన్, చుట్టూ నాలుగు ఆక్సిజన్‌ల మధ్య ఉండి, తన డీ ఎలక్ట్రాన్‌లను ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి పంపుతోందనడానికి గుర్తు అది. కోబాల్ట్ లోపలికి వెళ్లిందా లేక పక్కన కోబాల్ట్ ఆక్సైడ్‌గా ఉండిపోయిందా అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి సాక్ష్యం నీ ల్యాబ్‌లో దొరకదు. పౌడర్ బూడిద రంగులోకో నలుపులోకో తిరిగి ఉంటే, రామన్ స్పెక్ట్రమ్‌లో 690 సెం.మీ.⁻¹ దగ్గర గీత కోసం వెతుకు, అది కోబాల్ట్ ఆక్సైడ్‌ది. మంచి జింక్ ఆక్సైడ్ గీత 438 దగ్గర ఉంటుంది. ఇక నీ 2.6 అన్నది చిమ్మిన వెలుగూ, కోబాల్ట్ వల్ల అంచు కింద వచ్చే అదనపు శోషణా కలిసి తెచ్చిన సంఖ్య. దాన్ని "బ్యాండ్ గ్యాప్ తగ్గింది" అని రాయడానికి ఆధారం లేదు.

నాలుగు ఆక్సిజన్‌లు అని ఎలా చెప్పగలం? మీ ల్యాబ్ డెసికేటర్‌లోని సిలికా జెల్ చూడు, నీలం రకం అయితే అందులోదీ కోబాల్టే. పొడిగా ఉన్నప్పుడు కోబాల్ట్ చుట్టూ నాలుగు పొరుగులు, చిక్కటి నీలం. మన ఊరి గాలికి తేమ పట్టగానే చుట్టూ ఆరు చేరి లేత గులాబీ అవుతుంది. రంగు మారడమే కాదు, చిక్కదనం కూడా ఎందుకు తగ్గింది? ఆరు పొరుగులతో అయాన్ చుట్టూ కేంద్ర సౌష్ఠవం వస్తుంది, ఆ సౌష్ఠవం ఉంటే డీ నుంచి డీకి దూకడం నియమం ప్రకారం కుదరదు, దొంగదారిన కొద్దిగా జరుగుతుంది. నాలుగు పొరుగులతో ఆ సౌష్ఠవం ఉండదు, దూకుడు సులువవుతుంది.

సౌష్ఠవంతో వెలుగు లెక్కలు కట్టడం అన్నది వాల్తేరు సొంత విద్య అని నాకు గర్వం. రామన్ దగ్గర పనిచేసి, 1931లో ఆయనతో కలిసి ఫోటాన్ స్పిన్‌కి ప్రయోగపూర్వక ఆధారం చూపిన సూరి భగవంతం, 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వచ్చారు. స్ఫటికం ఆకృతి తెలిస్తే దానికి ఎన్ని రామన్ గీతలు రావాలో ముందే లెక్కగట్టే గ్రూప్ థియరీ పద్ధతిని 1930ల చివర్లో టి. వెంకటరాయుడుతో కలిసి ఇక్కడే తీర్చిదిద్దారు. కొచ్చెర్లకోట రంగధామరావు గారు అణువుల స్పెక్ట్రోస్కోపీకి ఇక్కడ పెద్ద పరిశోధనశాల నిలబెట్టారు. భారత జాతీయ సైన్స్ అకాడమీ (ఇన్సా) ఆయన పేరుతో స్పెక్ట్రోస్కోపీకి పురస్కారం నెలకొల్పింది. నువ్వు రోజూ నడిచే దారుల్లో జరిగిన పని ఇది.

తేమ మాట వచ్చింది కాబట్టి: ఎఫ్‌టీఐఆర్ (పరారుణ స్పెక్ట్రమ్) కూడా తీసి ఉంటే 3400, 1640 సెం.మీ.⁻¹ దగ్గర గీతలు వచ్చి ఉంటాయి. వాటిని చూసి నీ పౌడర్‌లో హైడ్రాక్సిల్ ఉందని రాసే ముందు, ఒట్టి పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్ కూడా తియ్యి. విశాఖ గాలిలో పది నిమిషాలు బయట పెడితే చాలు, అది నీరు పీల్చేస్తుంది. ముందు రాత్రి ఓవెన్‌లో ఆరబెట్టి, వేడి మీదే పెల్లెట్ నొక్కు.

రిపోర్టులో ఇలా రాయొచ్చు. ఇథనాల్‌లో తీసిన కొలత, అందులో పరిక్షేపణ ఎందుకు కలిసిందో, 600 పైన మిగిలిన అబ్జార్బెన్స్‌తో సహా చూపించు. పక్కనే డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్‌తో వచ్చిన విలువ పెట్టు. 3.2478 అని రాయకు. గీత గీసే చోటు కొంచెం మారిస్తే రెండో దశాంశం కదులుతుంది, నాలుగైదు సార్లు వేరు వేరు భాగాల్లో గీసి, ఆ తేడాని ప్లస్ ఆర్ మైనస్‌గా ఇవ్వు. కోబాల్ట్‌కి మూడు గుంటల స్థానాలు పట్టికలో ఇవ్వు. తప్పు కొలతని దాచకుండా ఎందుకు తప్పో చూపించిన విద్యార్థికి మార్కులు తగ్గించే ఎగ్జామినర్‌ని నేను చూడలేదు. మీ గైడ్ గారికి ముందే ఈ విషయం మర్యాదగా చెప్పు, "సార్, పౌడర్ తెల్లగా ఉంది, 2.9 కుదరడం లేదు, ఒకసారి రిఫ్లెక్టెన్స్‌లో చూద్దామా" అంటే ఎవరూ కాదనరు.

రెండో ప్రశ్న. వెళ్లు, కానీ చూసుకుని వెళ్లు. నెట్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)లో 42,000. ఇంటి మీద పడకుండా చదువుకోవడానికి అది సరిపోతుంది. ఐదేళ్లు పడుతుందని ఇంట్లో వాళ్లకి ముందే చెప్పు. ఒక పౌడర్ చెయ్యడం, ఎక్స్‌ఆర్‌డీ, సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), యూవీ తియ్యడం, పౌడర్ మీద వెలుగు పడితే మిథిలీన్ బ్లూ రంగు పోయిందని పేపర్ వెయ్యడం, మళ్లీ ఇంకో పౌడర్, ఇలా నడిచే ల్యాబ్‌లో చేరొద్దని మాత్రం గట్టిగా చెప్తాను. మిథిలీన్ బ్లూ తనే 664 దగ్గర వెలుగు మింగే రంగు, ఆ వెలుగుకి తనే విరుగుతుంది కూడా. ఖాళీ ప్రయోగం లేకుండా ఆ ఘనత పౌడర్‌కి ఇవ్వడం నీ 2.9 లాంటి తప్పే. చేరబోయే ల్యాబ్‌కి ఒకసారి వెళ్లి, అక్కడి స్కాలర్లని "మీ బేస్‌లైన్ ఎలా తీస్తారు" అని అడుగు. తడుముకోకుండా చెప్పగలిగితే మంచి ల్యాబ్. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి అర్హత ఉందేమో చూసుకుని దరఖాస్తు పెట్టు, రెండు నెలల్లో నీకే తెలుస్తుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో రేర్ ఎర్త్ కలిపిన గాజుల మీద ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లేజర్ల మీద గట్టి పని ఉంది. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, ఎలక్ట్రాన్‌లని గుండ్రంగా తిప్పి బలమైన వెలుగు పుట్టించే 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల యంత్రం, యూనివర్సిటీల వాళ్లు కూడా ప్రతిపాదన రాసి బీమ్ సమయం అడగొచ్చు.

ప్రస్తుతానికి ఈ వారం పని: ఖాళీ స్పెక్ట్రమ్ ఒకటి, బేరియం సల్ఫేట్ బేస్‌లైన్ ఒకటి, రెండు పౌడర్ల రిఫ్లెక్టెన్స్ 250 నుంచి 800 దాకా. ల్యాంప్ ఏ తరంగదైర్ఘ్యం దగ్గర మారుతుందో ఆపరేటర్‌ని అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. గ్రాఫ్ బొమ్మలు కాకుండా అంకెలున్న ఫైళ్లు ఇక్కడే పెడితే, గీత ఎక్కడ గీయాలో నీతో పాటు కూర్చుని చూస్తాను. పౌడర్ల ఫోటో కూడా పెట్టు, పక్కన తెల్ల కాగితం ఉంచి పగటి వెలుగులో తియ్యి.